చాథం సా మిల్లులో మామయ్య గారితో ఒక పూట

పోర్ట్ బ్లెయిర్‌లో మూడు రోజులున్నాం. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం, కానీ ఆటోవాళ్లకి ఇంకా నోరు తిరగలేదు. బస అబర్డీన్ బజార్ పక్కన ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది, కానీ బుకింగ్‌లో రాసిన వేడినీళ్లు మూడో రోజు పొద్దున మాత్రమే వచ్చాయి. బజార్ దగ్గర కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. శ్రీకాకుళం, విశాఖల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

సెల్యులార్ జైలు గురించి అందరూ చెబుతారు. నేను చాథం సా మిల్లు గురించి చెబుతాను. మా మామయ్య గారు రాజమండ్రి దగ్గర కోత మిల్లు నడిపిన మనిషి. ప్యాకేజీ వాళ్లు మిల్లుకి అరగంటే ఇచ్చారని ఆయనకి కోపం వచ్చింది. మర్నాడు ఆటో మాట్లాడుకుని మళ్లీ వెళ్లాం.

చిన్న వంతెన దాటితే చాథం దీవి. 1883లో పెట్టిన మిల్లు, ఇప్పటికీ అటవీ శాఖదే. టికెట్ చవక. ఆదివారం సెలవు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంటని అలాగే ఉంచారు. లోపలి మ్యూజియంలో పడౌక్ కలపతో చేసిన వస్తువులు బాగున్నాయి, వివరాలు చెప్పే మనిషే లేడు.

మాకు ఆ లోటు తెలియలేదు. బ్యాండ్ సా అనే పట్టీ రంపం ముందు మామయ్య గారు ఆగిపోయారు.

"రెండు చక్రాల మీద తిరిగే ఉక్కు పట్టీ, అంతే కదా అల్లుడు గారూ. దీన్ని నిలబెట్టడానికి దొరలకి నలభై ఏళ్లు పట్టింది," అన్నారు.

నిజమే. లండన్‌లో విలియం న్యూబెరీ 1808లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ పట్టీ చక్రం ఎక్కినప్పుడల్లా వంగుతుంది, దిగినప్పుడల్లా మళ్లీ తిన్నగా అవుతుంది. ఆనాటి ఉక్కూ, రెండు కొసల్ని కలిపిన అతుకూ ఆ దెబ్బకి తట్టుకోలేక పటుక్కున తెగిపోయేవి. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఆవిడ అతుకు వేసే మంచి పద్ధతికి పేటెంట్ పొందింది. ఆ హక్కుని పారిస్‌లోని పెరాన్ కంపెనీ కొని, మెరుగైన ఉక్కుతో రంపాలు చేసింది. ఆ తర్వాతే ఈ యంత్రం పనికొచ్చింది. ఒక ఆడమనిషి పేరు ఉందని విని మా ఆవిడ సంతోషపడింది.

"గుండ్రటి రంపం మందం, కోసినచోటల్లా కలప పొట్టైపోతుంది. ఇది పల్చన. ఇంత ఖరీదైన పడౌక్‌కి ఆ తేడా చాలా ఎక్కువ. పట్టీ బిగువు తక్కువైతే మాత్రం కోత వంకరపోతుంది," అని మామయ్య గారు పొట్టు చేతిలోకి తీసుకుని చూపించారు. ఇటుక రంగులో ఉంది.

వెళ్లేవాళ్లు పని జరుగుతున్నప్పుడు, పొద్దున్నే వెళ్లండి. యంత్రాలు ఆగితే చూడ్డానికి షెడ్లే మిగులుతాయి. ప్యాకేజీలో చాథం ఉంటే ఆ అరగంట వదిలేసి సొంతంగా వెళ్లడమే నయం. చంటిపిల్లల్ని తీసుకెళ్తే ఆ చప్పుడుకి ఏడుస్తారు.

భోజనాల వేళకి రంపం ఆగింది. మామయ్య గారు వాచీ చూసుకుని, "మా మిల్లులోనూ ఇదే టైము," అన్నారు.