చేపల తొట్టిలోని నాచును ప్లాస్టిక్ జాలి మీదికి మళ్లించి నాలుగేళ్లు

ఆదివారం ఉదయం పంపు ఆపి, చేపల తొట్టికి అనుబంధంగా ఉండే చిన్న నీటి తొట్టి, అంటే సంపులోంచి జాలిని పైకి తీస్తాను. వారం కిందట గీకి పెట్టిన ఆ ప్లాస్టిక్ జాలి మీద ముదురాకుపచ్చ నాచు రెండు వేళ్ల మందాన వేలాడుతుంటుంది. దగ్గరికి తెచ్చుకుంటే భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గినప్పుడు బండల మీంచి వచ్చే వాసన. ముందు దాన్ని మగ్గెడు ఉప్పునీళ్లలో జాడిస్తాను. నాచులో కాపురమున్న చీమతలకాయంత రొయ్యల్లాంటి జీవాలు మగ్గులోకి దూకుతాయి. వాటిని తిరిగి సంపులో వదిలేశాకే జాలిని కుళాయి కింద పెట్టి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకుతాను. పిండి తూస్తే 80 నుంచి 110 గ్రాములు ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఈ నాచంతా తొట్టిలో రాళ్ల మీద ఉండేది.

మాది హైదరాబాద్. 2019లో మొదలుపెట్టిన ఉప్పునీటి తొట్టి, సంపుతో కలిపి 300 లీటర్ల నీరు. రెండు క్లౌన్ చేపలు, నాలుగు క్రోమిస్ చేపలు, ఒక బ్లెనీ చేప ఉన్నాయి. పగడాలు లేవు. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అందుకే వాటి జోలికి పోలేదు. రాళ్లు కూడా సముద్రం నుంచి తెచ్చినవి కావు, సిమెంటుతో పోసినవి.

రెండో ఏడు నడుస్తుండగా జుట్టు నాచు మొదలైంది. మొదట ఒక రాతి అంచున పచ్చటి నూగు. నెల తిరిగేసరికి రాళ్లన్నీ జడలు వేసుకున్నట్టు అయ్యాయి. బ్రష్షు పెట్టి రుద్దాను, నత్తలు తెచ్చి వదిలాను, మూడు రోజులు దీపాలు ఆర్పి తొట్టికి దుప్పటి కప్పాను. దుప్పటి తీసిన రోజు రాళ్లు బోసిగా, శుభ్రంగా ఉన్నాయి. మూడు వారాల్లో మళ్లీ అదే జుట్టు. చచ్చిన నాచు తనలో దాచుకున్న నైట్రేటును, ఫాస్ఫేటును నీటికే తిరిగి ఇచ్చేసింది కదా, కొత్త నాచుకు అదే మేత అయింది. ఐరన్ ఆక్సైడ్ గుళికలు ఫాస్ఫేటును తగ్గించాయి కానీ అవి నిండిపోయిన ప్రతిసారీ కొత్తవి కొనాలి.

జాలి గురించి చెప్పేముందు నీటి గురించి చెప్పాలి. చాలామంది ఇళ్లలో అసలు తప్పు ఇక్కడే జరుగుతోందని నాకు గట్టి అనుమానం. ఆవిరైన నీటికి బదులుగా నేను రోజూ వంటింటి ఆర్వో నీళ్లే పోసేవాణ్ణి. ఒకరోజు నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 70 చూపించింది. మన ఇళ్లలో వాడే ఆర్వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ సర్దే చిన్న మర ఉంటుంది. అది వడకట్టిన నీటిలో కొంత పచ్చి నీటిని కలుపుతుంది. తాగడానికి మంచిదే. మాది బోరు నీరు. ఆ ఆర్వో నీటిలో నైట్రేటు కొలిస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు వచ్చింది. రోజుకు 4 లీటర్లు పోస్తే 40 మిల్లీగ్రాములు, నెలకు 1,200. నీరు ఆవిరైపోతుంది, నైట్రేటు మాత్రం తొట్టిలోనే మిగిలిపోతుంది. 300 లీటర్లకు పంచితే చేపలకు మేత వేయకపోయినా నెలకు లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతూ పోతుంది. నాచును పెంచుతున్నది నా చేతిలోని బిందెడు నీళ్లేనని తెలిసిన ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడే ఆ మరను మూసి, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం బిగించాను. మీటరు సున్నా చూపించింది.

ఆ తర్వాత జాలి. ఇది నా ఊహ కాదు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ ఆడీ పగడపు దిబ్బల మీద పెరిగే పొట్టి నాచును చూసి ఈ పద్ధతిని రూపొందించారు. 1982లో దానికి పేటెంటు వచ్చింది. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వాడేది జలపాతం తరహా. అడ్డంగా పెట్టిన పీవీసీ గొట్టానికి సన్నని చీలిక కోసి, అందులో అల్లికల ప్లాస్టిక్ జాలిని దూర్చి, రెండు వైపులా పలచగా నీరు జారేలా చేస్తారు. రెండు పక్కలా ఎర్రని ఎల్ఈడీ దీపాలు ఉంటాయి. నీరు, వెలుగు, గరుకు నేల మూడూ తొట్టిలో కంటే ఇక్కడే మెరుగ్గా దొరుకుతాయి కాబట్టి నాచు ఇక్కడ వేగంగా పెరుగుతుంది. దాన్ని గీకి పారేస్తే అది తిన్న నైట్రేటు, ఫాస్ఫేటు కూడా ఇంట్లోంచి బయటికి పోతాయి.

నా జాలి 15 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు. చీలిక 3 మిల్లీమీటర్లు. గంటకు 800 లీటర్లు పారే పంపు. 660 నానోమీటర్ల ఎర్ర దీపాలు తొట్టి దీపాలు ఆరిన వేళ వెలుగుతాయి. జాలిని రంపపు బ్లేడుతో రెండు వైపులా బాగా గరుకు చేయాలి. నేను మొదటిసారి పైపైన గీసి వదిలేస్తే పెరిగిన నాచు పెరిగినట్టే ఊడి సంపులో పడింది. మొదటి మూడు వారాలు గోధుమరంగు పాకుడు తప్ప ఏమీ రాలేదు. ఆరో వారంలో పచ్చదనం పట్టింది. రాళ్ల మీద తేడా కనిపించడానికి మరో రెండు నెలలు పట్టింది. జుట్టు ముందు పాలిపోయింది, తర్వాత వేలితో తాకితే ఊడిరావడం మొదలైంది. అప్పటిదాకా పట్టించుకోని బ్లెనీ ఆ పొట్టి మోళ్లను కొరికి శుభ్రం చేసింది. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన నైట్రేటు 50 నుంచి 8కి, ఫాస్ఫేటు 0.4 నుంచి 0.06కి దిగాయి.

ఆ సంతోషంలో నేను చేసిన తప్పు ఒకటుంది. జాలి దీపాలను రోజుకు 18 గంటలు అలాగే వెలగనిచ్చాను. గడ్డకట్టించిన మేత రోజుకు ఒక క్యూబు వేసేవారికి సుమారు 80 చదరపు సెంటీమీటర్ల జాలి చాలంటారు. నాది దాదాపు మూడు రెట్లు. నాలుగు నెలల్లో నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షలు రెండూ సున్నా చూపించాయి. ఆ వారమే ఇసుక మీద గోధుమరంగు జిగురు దారాలు, వాటి కొసల్లో గాలిబుడగలు. రాత్రికి మాయమై మధ్యాహ్నానికి మళ్లీ వచ్చేవి. అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. పోటీకి మరే నాచూ మిగలని నీటిలో అవి చెలరేగుతాయి. పదకొండు నత్తలు చనిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరిన రోజు మనసు చాలా బాధపడింది. దీపాలను 8 గంటలకు తగ్గించి, మేత పెంచి, నైట్రేటును 5 దగ్గర, ఫాస్ఫేటును 0.05 దగ్గర నిలబెడితే అవి తగ్గడానికి ఏడు వారాలు పట్టింది. ఈ రెండు అంకెలూ సున్నాకు చేరాలని ఎవరైనా కోరుకుంటుంటే దయచేసి ఆగండి.

జాలి చేయలేని పనులూ ఉన్నాయి. ఈకలాంటి ఆకులుండే బ్రయాప్సిస్ అనే నాచు దీనికి లొంగలేదు. పశువైద్యుణ్ణి అడిగి ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు వాడాను. లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, అంటే 150 మిల్లీగ్రాములవి పది మాత్రలు. నీటిలోని మందును పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్‌ను తీసేసి రెండు వారాలు ఉంచాక ఆ నాచు పోయింది. జాలి మీది నాచు కూడా పాలిపోయి మళ్లీ మొదటి నుంచి పెరగాల్సి వచ్చింది. గోలీల్లాంటి వలోనియా అనే నాచు బుడగలకూ జాలి మందు కాదు. రాయిని బయటికి తీసి బుడగ పగలకుండా మొదలంటా పెకలించడమే నాకు పనిచేసింది.

రోజువారీ ఇబ్బందుల్లో పెద్దది కరెంటు కోత. పంపు ఆగితే జాలి ఆరిపోతుంది. ఒక మే నెలలో ఐదు గంటలు కరెంటు లేక నాచంతా చచ్చి, ఇల్లంతా కుళ్లు వాసన వచ్చింది. అప్పటి నుంచి ఆ చిన్న పంపును ఇన్వర్టరుకు కలిపాను. గొట్టం చీలికలోకి నాచు పాకి నీటిదారికి అడ్డుపడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో నెలకోసారి తోమాలి. నీరు కొద్దిగా పసుపు తిరుగుతుంది, గుప్పెడు కార్బన్ వేస్తే చాలు. జారే నీటి వల్ల ఆవిరి ఎక్కువ. వేసవిలో రోజుకు 4 లీటర్లు పోసేది ఇప్పుడు 6 అయింది. కానీ అదే ఆవిరి నీటిని దాదాపు ఒక డిగ్రీ చల్లబరిచింది, నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం నడిచే సమయం తగ్గింది. రాత్రిపూట దీపాల వెలుగులో జాలి మీది నాచు కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడం వల్ల మూసిన ఏసీ గదిలో తెల్లవారేసరికి 7.8కి పడిపోయే పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గర ఉంటోంది.

మళ్లీ కడితే 10 సెంటీమీటర్ల జాలే పెడతాను, దీపాలకు మొదటి రోజు నుంచే టైమరు పెడతాను. డీఐ రెజిన్ మాత్రం అన్నిటికంటే ముందు కొంటాను. గీకిన నాచును మూడు నీళ్లు మార్చి ఉప్పు పోయేదాకా నానబెట్టి, కంపోస్టు డబ్బాలో వేస్తున్నాను. పెరట్లోని కరివేపాకు మొక్కకు రెండేళ్లుగా వెళ్తున్నది ఆ ఎరువే.