ఓవల్ కారు ముందు చక్రాలకు సెటప్ స్టేషన్: మూడేళ్ల వాడకం తరువాత

నాది 1/10 స్కేలు ఓవల్ పాన్ కారు, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద తిప్పే, చదునైన పలకే చట్రంగా ఉన్న రిమోట్ కంట్రోల్ రేసు కారు. దాని ముందు చక్రాల అలైన్‌మెంటు సరిచూసుకోవడానికి నేను యాక్రిలిక్ సెటప్ స్టేషన్ (చక్రాల ఇరుసులకు హబ్ పలకలు బిగించి చక్రాల కోణాలు కొలిచే పరికరం) ఒకటి కొని మూడేళ్లు దాటింది. గుంటూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీ ముందున్న సిమెంటు చప్టా మీద, మిర్చి లారీల రద్దీ లేని ఆదివారాల్లో, సుద్దతో ఓవల్ గీసుకుని మేము కార్లు తిప్పుతాము. వెళ్లే ప్రతిసారీ ముందురోజు రాత్రి ఈ స్టేషన్ బల్ల మీదికి వస్తుంది. పరికరం మంచిదే, కొన్నందుకు నాకు సంతోషమే. అయితే ఓవల్ కారు నడిపేవారు దాని అంకెలను రోడ్డు కోర్సు (కుడి, ఎడమ మలుపులు రెండూ ఉండే ట్రాక్) కార్లవారికన్నా ఎక్కువగా అనుమానించాలని అనుభవం మీద తెలుసుకున్నాను.

కారణం కారు స్వభావంలోనే ఉంది. ఓవల్ కారు ఎడమకే తిరుగుతుంది కనుక కుడి ముందు చక్రానికి నెగెటివ్ క్యాంబర్ (చక్రం తల లోపలికి వాలడం), ఎడమ ముందు చక్రానికి పాజిటివ్ క్యాంబర్ (తల బయటికి వాలడం) పెడతాము. అంటే రెండు చక్రాల తలలూ ఎడమవైపుకే వాలి ఉంటాయి. క్యాస్టర్ (చక్రం తిరిగే నిలువు కడ్డీ తల వెనక్కి వాలే కోణం) కూడా కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ ఉంచుతాము. రోడ్డు కోర్సు కారులో రెండు వైపులా ఒకే అంకె రావాలి కాబట్టి, పరికరంలో తేడా ఉంటే అక్కడికక్కడే కంటబడుతుంది. మన కారులో రెండు వైపులా వేర్వేరు అంకెలే రావాలి కాబట్టి పరికరం తప్పు చెప్పినా అది మనం కావాలని పెట్టిన తేడాలో కలిసిపోతుంది.

నాకు జరిగినది సరిగ్గా ఇదే. రెండో ఏడాది వేసవి దాటాక కుడి ముందు ఫోమ్ టైరు బయటి అంచు త్వరగా అరగడం మొదలుపెట్టింది. వెర్నియర్ పెట్టి చూస్తే లోపలి అంచు దగ్గర వ్యాసం 48.6, బయటి అంచు దగ్గర 48.1 మిల్లీమీటర్లు ఉంది. బయటి అంచు అలా అరిగితే నెగెటివ్ క్యాంబర్ చాలడం లేదని అర్థం. స్టేషన్ మాత్రం 1.5 డిగ్రీలు చూపిస్తున్నది. నేను స్టేషన్‌నే నమ్మి, తప్పు ఫోమ్ రకానిదేమోనని రెండు నెలలు టైర్లు మార్చుకుంటూ పోయాను. చివరకు ఒక రాత్రి కుడి హబ్ పలకను ఎడమకు, ఎడమ పలకను కుడికి మార్చి బిగించాను. అంతవరకు 1.5 చూపిన కుడి చక్రం 0.75 చూపింది. అర డిగ్రీ బయటికి వాలి ఉన్నట్టు కనిపించిన ఎడమ చక్రం పావు డిగ్రీ లోపలికి వాలినట్టు కనిపించింది. కుడి పలక వంగిపోయిందని తేలింది. మే నెల మధ్యాహ్నం దానిని స్కూటరు డిక్కీలో వదిలిన తప్పు నాదే. అప్పటి నుంచి అంకె రాసుకునే ముందు పలకలు మార్చి రెండోసారి చూడటం నాకు నియమమైంది. రెండు నిమిషాల పని.

పరికరం కింద ఏముందన్నది కూడా అంతే ముఖ్యం. మొదట చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్క ఒకటి వంటింటి గట్టు పనిలో మిగిలితే తెచ్చి వాడాను. అద్దంలా మెరిసే ఆ బండ మీద మంచి ఉక్కు స్కేలును నిలువుగా ఆనించి చూస్తే మధ్యలో 0.3 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచని రేకు) సునాయాసంగా దూరింది. మెరుపు వేరు, మట్టం వేరు. ఇప్పుడు 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్లోట్ గాజు పలకను వాడుతున్నాను. దాని నాలుగు మూలలను రసమట్టంతో సరిచేసి కదలకుండా ఉంచాను.

ఆటోనగర్‌లో పెద్ద కార్ల అలైన్‌మెంటు చేసే మిస్త్రీ ఒకరిని ఆసక్తితో పలకరించినప్పుడు, “ముందు గాలి, తరువాత లూజు, ఆ తరువాతే మిషను చూడండి సార్” అన్నారు. మన కార్ల ఫోమ్ టైర్లకు గాలి లేదు కానీ వరుస అదే. ముందుగా రెండు ముందు టైర్ల వ్యాసాలు, రైడ్ హైటు (నేల నుంచి కారు అడుగు ఎత్తు) చూసుకోవాలి. తరువాత ట్రాన్స్‌మిటర్ వెలిగించి, సర్వోను (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారును) మధ్యకు తెచ్చి, ట్రాన్స్‌మిటర్ మీది ట్రిమ్ సర్దుబాటును సున్నా చేయాలి. చక్రం తిరిగే నిలువు కడ్డీ అయిన కింగ్‌పిన్‌లోను, దెబ్బల నుంచి సర్వోను కాపాడే సర్వో సేవర్‌లోను ఉన్న లూజును రెండు చక్రాల ముందు అంచులను మెల్లగా బయటికి లాగి తీసేశాకే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో మళ్లిన కోణం) చదవాలి. ఇవి చేయకుండా తీసిన టో అంకె తెల్లవారేసరికి మారిపోతుంది.

ఈ స్టేషన్ అసలు బలం టో కొలతలోనే ఉంది. 50 మిల్లీమీటర్ల టైరు మీద 1 డిగ్రీ టో అంటే ముందు అంచుకు, వెనక అంచుకు మధ్య తేడా 0.9 మిల్లీమీటరు కూడా ఉండదు, అదీ మెత్తని ఫోమ్ మీద. హబ్ పలక పొడవు 100 మిల్లీమీటర్లు కావడంతో అదే డిగ్రీ 1.75 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. సర్దుబాటు కూడా సున్నితమైన పనే. టో సరిచేసే కడ్డీ, అంటే 3 మిల్లీమీటర్ల టర్న్‌బకిల్, మర పిచ్ (ఒక చుట్టుకు మర జరిగే దూరం) 0.5 మిల్లీమీటరు. ఒక కొస కుడి మర, మరో కొస ఎడమ మర కనుక పూర్తి చుట్టుకు పొడవు 1 మిల్లీమీటరు మారుతుంది. నా కారు స్టీరింగ్ ఆర్మ్ (ఆ కడ్డీ చక్రాన్ని తిప్పే చిన్న మీట) పొడవు సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పావు చుట్టు తిప్పితే టో దాదాపు 0.7 డిగ్రీ మారిపోతుంది. అందుకే రెంచీని ఎనిమిదో వంతు చుట్టుకు మించి ఒకేసారి తిప్పను.

క్యాస్టర్ విషయంలో మాత్రం ఇది బలహీనం. దాని కోసం ప్రత్యేక స్కేలు లేదు. చక్రాన్ని కుడికి 20 డిగ్రీలు, ఎడమకు 20 డిగ్రీలు తిప్పి, రెండు చోట్లా క్యాంబర్ చదివి, ఆ తేడాను సుమారు 1.5తో గుణిస్తే క్యాస్టర్ వస్తుంది. గేజ్ పావు డిగ్రీ అటూ ఇటూ తడబడినా ఆ తప్పు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. కనుక క్యాస్టర్‌కు దానిని సర్దడానికి పెట్టే షిమ్‌ల (పలచని బిళ్లల) లెక్కనే నమ్ముతాను. అయినా ఇదే పద్ధతి మరో మేలు చేసింది. కుడివైపు 6 డిగ్రీల క్యాస్టర్ ఉన్న నా కారులో చక్రాన్ని ఎడమకు 10 డిగ్రీలు తిప్పితే నెగెటివ్ క్యాంబర్ మరో డిగ్రీ పెరుగుతుంది. ఓవల్ కారు టైరును ఎక్కువగా అరగదీసేది మలుపే కాబట్టి ఇప్పుడు నేను చక్రం నేరుగా ఉన్నప్పటి క్యాంబర్ అంకెతో పాటు, మలుపులో వచ్చే అంకెను కూడా పుస్తకంలో రాసుకుంటున్నాను. అరుగుదల తీరు ఈ రెండో అంకెకే దగ్గరగా సరిపోతున్నది.

వంగిన పలకకు బదులు అల్యూమినియం పలక లేతు మీద చేయించుకున్నాను. బేరింగులు ఒకసారి మార్చాను. కొత్తగా కొనేవారు వీలైతే మొదటి నుంచే అల్యూమినియం హబ్ పలకలున్న సెట్టును తీసుకోవాలి. యాక్రిలిక్‌దే కొంటే పెట్టెను ఎండలో వదలకుండా, పలకలను పడుకోబెట్టి ఉంచాలి. కుడి పలక మీద చెరగని గుర్తు ఒకటి గీసుకోవాలి, మార్చి చూసేటప్పుడు ఏది ఏదో తెలియాలి కదా.