అపోలో 15 అద్దం: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత పున్నమి మీద నా ఫిర్యాదు

చంద్రుడి దూరం కొలవడానికి మేం లేజర్ కొట్టే అద్దాలు అక్కడ చాలానే ఉన్నా, నా నైట్ డ్యూటీలు ఎక్కువగా 1971లో పెట్టిన అపోలో 15 అద్దంతోనే గడిచాయి. మిగతా రెండు అపోలో అద్దాల్లో వెలుగును వచ్చిన దారినే తిప్పిపంపే గాజు పట్టకాలు వందేసి, దీంట్లో మూడొందలు. కరెంటు అక్కర్లేదు, సర్వీసింగ్ లేదు. కొత్తవాళ్లకు ‘కళ్లు మూసుకుని వాడొచ్చు’ అని చెప్పేవాణ్ణి.

పున్నమికి మాత్రం చేతులెత్తేసేది. మామూలు రాత్రుల్లోనే వంద లేజర్ పల్సులకు ఒక్క ఫోటాన్, అంటే ఒక్క వెలుగు కణం, తిరిగొస్తే మాకు పండగ. రెండున్నర సెకన్ల తర్వాత అది వచ్చే క్షణానికే దాన్ని పట్టే డిటెక్టర్ తెరుస్తాం. స్క్రీన్ మీద చెల్లాచెదురుగా పడే చుక్కలు వెన్నెలవి. ఒకే గీత మీద పేరుకునేవి అద్దానివి. పున్నమికి ఆ గీతే ఉండేది కాదు. భూమి, చంద్రుడు సూర్యుడి వైపు ఒకే తీరున పడుతున్నాయా అని తేల్చడానికి పున్నమి, అమావాస్యల దగ్గరి కొలతలే ముఖ్యం. అందుకే అంత కడుపుమంట.

వెన్నెలకు డిటెక్టరే తట్టుకోలేకపోతోందనుకున్నాం. ఫిల్టర్ మార్చాం, డిటెక్టర్ తెరిచి ఉండే వ్యవధి కుదించాం, చివరికి దాంట్లో వెలుగును పసిగట్టే డయోడ్ మార్చి ఖర్చు విషయంలో మాట కూడా పడ్డాం. చెదురు చుక్కలు తగ్గాయి గానీ గీత రాలేదు.

ఆ తర్వాత ఒక సంపూర్ణ చంద్రగ్రహణం. చిన్నప్పుడు గ్రహణమంటే అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసేది. ఆ రాత్రి నేను చిప్స్ ప్యాకెట్‌తో కన్సోల్ ముందున్నా. గురికి ఆధారమయ్యే బిలాలు మసకబారుతుంటే ఒకటే టెన్షన్. అద్దం మీద నీడ పడిన అరగంటకల్లా గీత మొదలైంది. సన్నగా, తర్వాత చిక్కగా. పక్కనున్న కుర్రాడు ‘ఇది నిజంగా మనదేనా సార్?’ అని రెండుసార్లు అడిగాడు. గ్రహణం విడిచాక మళ్లీ మాయం.

అమెరికాలో న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ అబ్జర్వేటరీ వాళ్లు 2010 డిసెంబర్ 21 గ్రహణంలో చూసిందీ ఇదే. పున్నమికి ఎండ నేరుగా అద్దంలోకి పడుతుంది. పట్టకాల మీది దుమ్ము ఆ వేడిని పీల్చుకుంటుంది. గాజు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కి, తిరిగొచ్చే వెలుగు చెదిరిపోతుంది. పాపం, డిటెక్టర్‌ను ఊరికే తిట్టాం. ‘సర్వీసింగ్ లేదు’ అని మెచ్చుకున్నాను కదా, తుడిచే దిక్కు కూడా లేదని అర్థం. మామూలు రోజుల్లోనూ రావాల్సినదాంట్లో దాదాపు పదో వంతే వస్తోందట.

అయినా మాలాంటి చిన్న టెలిస్కోపుకు ఇంతకంటే మంచి అద్దం లేదు. అపాచీ పాయింట్‌లా మూడున్నర మీటర్లది ఉంటే పున్నమికీ కొంత దక్కొచ్చు. నేనైతే ఆ రెండు మూడు రాత్రులు సెలవు పెట్టేస్తున్నా, గ్రహణం ఉంటే తప్ప.