రెస్టారెంట్ లోగోకు ఏది మేలు: పేరా, బొమ్మా, ముద్రా?

రెస్టారెంట్ లోగోలు దాదాపు అన్నీ నాలుగు రకాల్లోనే ఉంటాయి. పేరునే తీర్చిదిద్ది రాసేది అక్షర లోగో. పేరు లేకుండా ఒట్టి గుర్తు ఉండేది బొమ్మ లోగో. బొమ్మ పక్కనో కిందో పేరు ఉంటే జోడీ. గుండ్రటి బిళ్లలో బొమ్మ, పేరు, అంచు చుట్టూ తిరిగే అక్షరాలు అన్నీ ఇమిడితే ముద్ర. డిజైనరు ల్యాప్‌టాప్‌లో చూపించేటప్పుడు నాలుగూ బాగానే ఉంటాయి. నిజానికి అక్కడ ముద్రదే పైచేయి, చూడటానికి అందులో సరుకు ఎక్కువ కాబట్టి. బోర్డు ఎక్కాక, బిల్లు మీద పడ్డాక, ఫోనులో గోళీకాయంత వృత్తంలోకి దూరాక అసలు తేడా బయటపడుతుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కొత్తగా తెరిచే చోటుకు అక్షర లోగో ప్రధానంగా, దానిలోంచే తీసిన చిన్న గుర్తు తోడుగా ఉంటే ఎక్కువ చోట్ల నెగ్గుకొస్తుంది. బొమ్మ ఒక్కటే పెట్టుకోవడం తొందరపాటు. ముద్రను ప్రధాన లోగో చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరికీ వద్దాం.

బోర్డు మీద ఎవరిది ఎంత దూరం

బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. అంతకు రెట్టింపు దూరం నుంచి కూడా కూడబలుక్కుని చదవొచ్చు గానీ, బండి మీద పోయేవాళ్లకు అంత ఓపిక ఉండదు.

పది అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఉన్న బోర్డు తీసుకుందాం. అంచులు వదిలేస్తే లోగోకు దక్కేది 102 అంగుళాల వెడల్పు. పేరు పొడవు దాని ఎత్తుకు ఐదింతలు అనుకుంటే అక్షర లోగోలో అక్షరం 20 అంగుళాలు వస్తుంది. 200 అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. అదే బోర్డులో ఎడమవైపు 29 అంగుళాల బొమ్మ, ఆ పక్కన 7 అంగుళాల ఖాళీ ఇస్తే పేరుకు మిగిలేది 66 అంగుళాలు. అక్షరం 13 అంగుళాలకు, దూరం 130 అడుగులకు దిగిపోతుంది. ముద్ర సంగతి మరీ అన్యాయం. మూడడుగుల ఎత్తులో పట్టేది 30 అంగుళాల బిళ్ల. అంచు వెంట తిరిగే అక్షరాలను వ్యాసంలో ఎనిమిదో వంతు వేసుకున్నా నాలుగు అంగుళాల లోపే. 40 అడుగులు దాటితే పేరు చదవలేం. పైగా బిళ్లకు రెండు పక్కలా మూడున్నర అడుగులకు పైగా బోర్డు ఖాళీగా పడి ఉంటుంది.

గోడ నుంచి రోడ్డు వైపు పొడుచుకొచ్చే చిన్న బోర్డు దగ్గర లెక్క తిరగబడుతుంది. దాన్ని చూసేది పక్కనే నడిచివెళ్లేవాళ్లు, అదీ పది పదిహేను అడుగుల నుంచి. అక్కడ పొడుగాటి పేరు ఇరుకున పడుతుంది, గుండ్రటి ముద్ర చక్కగా కూర్చుంటుంది.

అక్షరాలను విడివిడిగా చేయించి లోపల ఎల్‌ఈడీలు పెట్టిస్తుంటే గీత మందం కూడా చూసుకోవాలి. గీత వెడల్పు అంగుళం లోపు ఉంటే మామూలు ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టడం కష్టం. ఎలాగోలా ఇరికించినా వెలుగు సమంగా పరుచుకోక చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కాగితం మీద నాజూగ్గా ఉన్న సన్నగీతల లోగో రాత్రిపూట సగం మాయమయ్యేది ఇందుకే. సన్నగీతే కావాలనుకుంటే అక్షరాలను వెలిగించకండి, వెనక గోడ మీద వెలుగు పడేలా చేయించండి.

తెలుగులో రాస్తే మారే లెక్క

పైన చెప్పిన లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకు నేరుగా సరిపోతుంది. తెలుగు పేరుకైతే ఎత్తును మూడు అంతస్తులుగా చూడాలి. పైన తలకట్టు, గుడి, ఏత్వం వగైరా, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. దూరం నుంచి కన్ను పట్టుకునేది మధ్య అంతస్తునే. ఒత్తున్న పేరుకు 20 అంగుళాలు ఇచ్చినా మధ్య భాగానికి దక్కేది దాదాపు సగమే. కాబట్టి దూరం లెక్క ఎప్పుడూ మధ్య భాగం ఎత్తుతోనే వేసుకోవాలి. పేరు ఇంకా ఖాయం కాకపోతే ఒత్తుల్లేని పేరు వైపు మొగ్గడంలో తప్పు లేదు. అదే బోర్డులో అక్షరం బాగా పెద్దదవుతుంది.

తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఒకే ఎత్తు పట్టీలో పెడితే తెలుగు నీరసంగా కనిపించడానికీ కారణం ఇదే. ఫాంటు సైజు సమానం చేసి వదిలేయకుండా, కంటికి సమానంగా తోచేవరకు తెలుగును పెంచుకుంటూ పోవాలి. రెండు లిపులూ తప్పనిసరైతే ఒకదానికి పెద్దపీట వేయండి. రెండింటికీ సమానంగా పంచితే రెండూ చిన్నవైపోతాయి.

ఇంకో చిక్కు సాఫ్ట్‌వేర్‌ది. కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపుల సెట్టింగు ఆన్ చేయకపోతే ఒత్తు కిందికి చేరకుండా పక్కన పడుతుంది, మధ్యలో పొల్లు తేలుతుంది. తెలుగు చదవడం రాని చోట బోర్డు కోయిస్తే ఆ తప్పు అలాగే లోహంలోకి ఎక్కేస్తుంది. నిలువు బోర్డులో అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి: ఒత్తు దాని అక్షరాన్ని వదిలి కింది గడిలోకి దిగకూడదు.

బిల్లు మీద, ఫోనులో

80 మిల్లీమీటర్ల బిల్లు కాగితం మీద థర్మల్ ప్రింటర్ వేయగలిగే వెడల్పు సాధారణంగా 72 మిల్లీమీటర్లు, అంటే 576 చుక్కలు. 58 మిల్లీమీటర్ల కాగితమైతే 48 మిల్లీమీటర్లు, 384 చుక్కలు. మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలే. నలుపు తప్ప ఇంకో రంగు లేదు, బూడిద రంగును కూడా నల్లచుక్కలు చల్లి నటించాల్సిందే. 25 మిల్లీమీటర్ల ముద్రను ఇక్కడ వేస్తే అంచు అక్షరం ఎత్తు సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే పాతిక చుక్కలు. అందులో అక్షరం, గుణింతం, ఒత్తు మూడూ ఇరికితే కనిపించేది నల్లటి మరకే. అక్షర లోగో కాగితం వెడల్పంతా వాడుకుంటుంది కాబట్టి ఇక్కడ దానికి పోటీ లేదు.

ఫోనులో మాత్రం అక్షర లోగో ఓడిపోతుంది. జాబితాలో కనిపించే ప్రొఫైల్ వృత్తం 40 పిక్సెళ్లు అనుకోండి. ఒకటికి ఐదు కొలతలో ఉన్న పేరును అందులో పెడితే ఎత్తు ఎనిమిది పిక్సెళ్లకు మించదు. ముద్ర పెడితే అంచు అక్షరాలు ఐదు పిక్సెళ్లు. రెండూ చదవలేనివే. బ్రౌజర్ ట్యాబ్‌లో 16 పిక్సెళ్ల గడి దగ్గరికి వస్తే ఇక చెప్పనక్కర్లేదు. తోడు గుర్తు కావాలన్నది ఇందుకే.

ఆ గుర్తును విడిగా గీయించే కంటే పేరులోంచే తీయడం మంచిది. అప్పుడు రెండింటికీ చుట్టరికం ఉంటుంది. మొదటి అక్షరమే కావాలని నియమం లేదు. ప, ష, వ, మ లాంటివి చిన్న సైజులో ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. పేరు వాటితో మొదలైతే లోపల ఎక్కడో ఉన్న ణ, ఖ, ఝ లాంటి విలక్షణమైన అక్షరాన్నో, ప్రత్యేకంగా తిప్పిన ఒక ఒత్తునో వాడుకోవచ్చు.

యూనిఫాం మీద కుట్టు సంగతి కూడా ఇక్కడే అనేద్దాం. ఎంబ్రాయిడరీ దారం మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు కంటే సన్నని గీత నిలవదు, అర మిల్లీమీటరు సందు పూడుకుపోతుంది, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కరిగే షేడింగు నున్నగా రాదు. ఇక్కడా గుర్తే గట్టెక్కిస్తుంది.

పెద్ద కంపెనీలు బొమ్మతోనే నడుపుతున్నాయి కదా?

నడుపుతున్నాయి. కానీ అవి ఎక్కడ మొదలయ్యాయో చూడాలి. స్టార్‌బక్స్ 1971లో తెరిచారు. జలకన్య బొమ్మ చుట్టూ ఉన్న పేరును లోగోలోంచి తీసేసింది 2011లో. నలభై ఏళ్ల పాటు బొమ్మ పక్కన పేరు ఉంటూనే ఉంది. మెక్‌డొనాల్డ్స్ పసుపు తోరణాలైతే 1953లో ఏకంగా భవనంలో భాగంగా మొదలయ్యాయి, 1960ల్లో లోగోలోకి వచ్చాయి. నిన్న తెరిచిన చోటు బొమ్మ ఒక్కటి తగిలిస్తే, చూసినవాడు లోపలికి వచ్చినా స్నేహితుడికి ఏ పేరు చెప్పాలో తెలియదు, వెతకడానికి ఏం టైపు చేయాలో తెలియదు.

బొమ్మ ఎంపికలో ఇంకో గుంట ఉంది. ఫోర్కు, చెంచా, వంటవాడి టోపీ, పైకి లేచే ఆవిరి. ఇవి ఇది తినే చోటు అని చెబుతాయి, ఆ సంగతి వాసనే చెప్పేస్తుంది. రెడీమేడ్ బొమ్మల సైట్లలో దొరికేవాటి మీద సాధారణంగా మీకు ఏకైక హక్కు రాదు, అదే బొమ్మ ఎవరైనా వాడుకోవచ్చు. ట్రేడ్‌మార్కు నమోదుకు వెళ్లినప్పుడు ఇది అడ్డం పడుతుంది. ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను, సేవలను తరగతులుగా విడదీసే అంతర్జాతీయ పట్టిక నైస్ వర్గీకరణ. రెస్టారెంట్ సేవలు అందులో 43వ తరగతి. ప్యాక్ చేసిన పచ్చళ్లు, పొడుల లాంటివి అమ్మే ఆలోచన ఉంటే 29, 30 తరగతులూ చూసుకోవాలి. పేరును మామూలు అక్షరాల్లో నమోదు చేస్తే రేపు లోగో రూపం మార్చినా రక్షణ పేరుకు అంటిపెట్టుకుని ఉంటుంది. బొమ్మనే నమోదు చేస్తే, బొమ్మ మార్చిన రోజు మళ్లీ మొదటికి.

ఫాంటా, చేతిరాతా?

రామభద్ర, అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. రామభద్ర మందం బోర్డుకు సరిపోతుంది. అనేక్‌లో వెడల్పు, మందం రెండూ మార్చుకునే వీలుంది. అయితే ఫాంటును ఉన్నది ఉన్నట్టు దించితే పక్క వీధి దుకాణం కూడా అదే అక్షరాలతో కనిపించొచ్చు. మధ్యేమార్గం ఏమిటంటే, ఫాంటును ఆధారంగా తీసుకుని రెండు మూడు అక్షరాలను మార్చి గీయించడం: తలకట్టు వంపు, ఒత్తు తోక, అక్షరాల మధ్య ఎడం. పూర్తిగా చేతిరాత వేయించే స్తోమత ఉంటే అదే మేలు, కాకపోతే తెలుగు అక్షరాలు గీసే చేయి తిరిగినవాళ్లతోనే. ఇంగ్లీషు కర్సివ్ వంపులు తెలుగు మీద రుద్దితే ర, ద ఒకేలా తయారవుతాయి.

రంగుల గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఒక్క రంగులో నిలబడని లోగోకు మూడు రంగులు పూసినా నిలబడదు. తెర మీద మెరిసే నారింజ, చిలకాకుపచ్చ నాలుగు రంగుల అచ్చులో చప్పబడతాయి, కాబట్టి ఖాయం చేసేముందు కాగితం మీద అచ్చు వేయించి చూడండి. అక్షరానికి, వెనక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్టు) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ పేజీలకు పెట్టిన కొలత. మసక దీపాల కింద చదవాల్సిన మెనూకు అంతకంటే ఎక్కువే కావాలి.

మినహాయింపులు

కూర్చునే చోటు లేకుండా డెలివరీ మాత్రమే చేసే వంటగదికి బోర్డు లేదు. దాని ముఖం ఫోనులోని వృత్తం, పార్శిల్ మీద అంటించే స్టిక్కరు. అక్కడ గుర్తునే ముందు గీయించి, పేరును దానికి తగ్గట్టు అమర్చాలి. నాలుగైదు మాటల పొడవాటి పేరైతే ఒకే వరుసలో ఏ బోర్డులోనూ ఇమడదు. అందులో ఒక మాటను పెద్దది చేసి మిగిలినవి కింద చిన్నగా వేసే జోడీ మేలు. ముద్ర మీద మోజు తీరకపోతే మెనూ అట్ట మీద, కవరు మూత మీద, గోడ మీద అలంకారంగా వాడుకోండి. అచ్చొత్తే సైజు 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకుంటే చాలు.

చివరికి చేతికి తీసుకోవాల్సినవి: గీతలుగా మార్చిన అక్షరాలతో ఎస్‌వీజీ, పీడీఎఫ్ వెక్టర్ ఫైళ్లు (ఎంత పెద్దది చేసినా చెదరనివి), వెనక రంగు లేని పీఎన్‌జీ, పూర్తి నలుపు, పూర్తి తెలుపు రూపాలు, బిల్లు కోసం 576, 384 చుక్కల వెడల్పున్న నలుపు తెలుపు బొమ్మలు, రంగుల సంఖ్యలు తెరకూ అచ్చుకూ విడివిడిగా. డబ్బు పూర్తిగా చెల్లించేముందు ఆ పీడీఎఫ్‌ను ఫాంటు లేని వేరే కంప్యూటర్లో తెరిచి, ఒత్తులు తమ చోట్లలో ఉన్నాయో లేదో చూసుకోండి.