పన్ను తీశాక గుంతను వదిలేయాలా, ఎముక పొడి నింపించాలా?

కందుకూరు నుంచి ఒంగోలుకో, కావలి నుంచి నెల్లూరుకో పన్ను తీయించుకోవడానికి వెళ్లేవారు దీన్ని ముందే తేల్చుకోవాలి. తీశాక ఆలోచిస్తే ఆలస్యమే.

ఖర్చు: వదిలేస్తే అదనంగా ఏమీ లేదు. నింపిస్తే పొడికీ, పైన కప్పే పొరకూ విడిగా కట్టాలి.

ఎముక: వదిలేస్తే 6 నెలల్లో దవడగట్టు (పళ్లు నిలిచే ఎముక) వెడల్పు సగటున 3 నుంచి 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ముందు పళ్ల దగ్గర బయటి ఎముక గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు కూడా ఉండదు. అది కరిగితే చిగురు కుంగి, తర్వాత పెట్టే పన్ను పొడవుగా కనిపిస్తుంది. నింపిస్తే ఈ నష్టం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. అస్సలు కరగదని హామీ ఇస్తే నేను నమ్మను.

ఓపిక: నింపిస్తే ఇంప్లాంట్‌కు (దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిపై పెట్టే కృత్రిమ పన్నుకు) సాధారణంగా 4 నుంచి 6 నెలలు ఆగాలి.

ప్రమాదం: పొగతాగడం, అదుపులేని షుగరు రెండు దారులనూ చెడగొడతాయి. పొడి చాలాసార్లు పశువుల ఎముక నుంచి వస్తుంది. అభ్యంతరముంటే కృత్రిమమైనది అడగండి.

ముందు పన్ను, ఇంప్లాంట్ ఆలోచన ఉంటే నింపించడమే మేలు. జ్ఞానదంతానికి సాధారణంగా అక్కర్లేదు. వెనక పన్నుకు ఇంప్లాంట్ వద్దనుకుంటే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.