హెచ్‌ఎంటీ జనతా: కీ ఇచ్చే వాచీ ఇప్పుడు కొనొచ్చా?

కాలం ఎక్కడా ఆగదు, దాన్ని ముక్కలు చేసేది యంత్రమే. జనతాలో ఆ పని బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రానిది. అటూ ఇటూ ఊగుతూ సెకనుకు 5 టిక్కులు, గంటకు 18,000, రోజుకు 4,32,000. పంచాంగం కలియుగానికి కట్టిన ఏళ్లూ అన్నే, తమాషాగా!

లోపలి భాగాల అరుగుదల తగ్గించే 17 రాళ్లున్న మెషీను, బ్యాటరీ ఉండదు. రోజూ ఒకే వేళకు, చేతి నుంచి తీసి, సుమారు 25–30 తిప్పులు కీ ఇవ్వాలి. గట్టిగా తగలగానే ఆపేయాలి. రోజుకు అర నిమిషం తేడా వస్తే కంగారొద్దు, 86,400 సెకన్లలో అదెంత? ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెత్తితే మాత్రం ఆ చక్రాన్ని ఊపే సన్నటి చుట్ల స్ప్రింగ్‌కు, అంటే హెయిర్‌స్ప్రింగ్‌కు, అయస్కాంతం పట్టిందేమో చూపించాలి. చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగ్ పొట్టిదై ఊపు వేగం పెరుగుతుంది. అయస్కాంత గుణం తీసేసే డీమాగ్నెటైజర్‌తో అది నిమిషంలో పోతుంది. మాగ్నెట్ ఉన్న ఫోన్ కవరు పక్కన పెట్టకండి. నీరసంగా నడిచి ఆగిపోతుంటే నూనె ఎండిపోయి ఉండొచ్చు, విప్పి కడిగి సర్వీసింగ్ చేయించాలి.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత వాచీలు వెతకొచ్చు. తళతళలాడే ఎరుపు, పచ్చ డయళ్లు చాలావరకు మళ్లీ అచ్చేసినవే, భూతద్దంలో అక్షరాల అంచులు అలుక్కుపోయి కనిపిస్తాయి. వెలిసిన తెల్ల డయలే మేలు. వెనక మూత తీయించి తుప్పు చూశాకే బేరమాడండి. నీళ్లు తగలకూడదు, వానాకాలం ఇంట్లోనే ఉంచాలి.

మెట్రో అందుకోవాలంటే ఫోనే చూసుకోండి.