నాలుగేళ్లు విన్నాక చెప్తున్నా: వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 స్పీకర్లు

మా నాన్నగారి స్టీరియోలో స్పీకర్లు పాడయ్యాయని మొదట తెలిసింది ఘంటసాల పాటలోనే. నిండుగా రావాల్సిన గొంతు వెనక కాగితం కొట్టుకుంటున్నట్టు గరగర మొదలైంది. ముందున్న గుడ్డ తీసి చూస్తే పెద్ద కోన్ (సౌండ్ పుట్టించే గరాటులాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. మాది కాకినాడ, ఏడాది పొడుగునా సముద్రపు తేమ, ఫోమ్ అంచులు వాడినా వాడకపోయినా కొన్నేళ్లకు ఇలాగే అవుతాయి. తీరప్రాంతంలో ఉండేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు, అంచు రబ్బరుదా ఫోమ్‌దా అని ముందు చూసుకోండి.

బాగు చేయిద్దామనే అనుకున్నాను. ఒక షాపులో కొత్త ఫోమ్ అతికించారు గానీ కోన్ సరిగ్గా మధ్యలో కూర్చోలేదు, లోపల కాయిల్ రాసుకుని నెల తిరక్కుండానే ఒకటి మూగబోయింది. పని తెలిసిన మనిషి దొరికితే పాత స్పీకర్లు ఇంకా చాలా ఏళ్లు పాడతాయి. నాకు దొరకలేదు.

ఆంప్లిఫయర్ డెనాన్ పీఎంఏ-520ఏఈ, 8 ఓమ్స్‌కి (ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) 45 వాట్లు ఇస్తుంది. అది బాగానే ఉంది కాబట్టి ఉన్న 30 వేలూ స్పీకర్ల మీదే పెట్టాలనుకున్నాను. చివరికి రెండు మిగిలాయి, ఎలాక్ డెబ్యూ బీ5.2, వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1. ఎలాక్ 6 ఓమ్స్, 86 డెసిబెల్స్ (ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండ్ వస్తుందో చెప్పే లెక్క). వార్ఫ్‌డేల్ 8 ఓమ్స్, 88 డెసిబెల్స్. 2 డెసిబెల్స్ తేడా అంటే కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది కానీ, అదే సౌండ్ రావాలంటే ఎలాక్‌కి ఒకటిన్నర రెట్లకు పైగా పవర్ కావాలి, చిన్న ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లకి ఇది పెద్ద విషయం. హైదరాబాద్‌లో షాపుకి నాన్నగారి సీడీలే పట్టుకెళ్లి విన్నాం. మీరూ అలాగే చేయండి, షాపువాళ్లు పెట్టే డెమో పాట ఏ స్పీకర్‌లోనైనా బాగానే ఉంటుంది. పాత మోనో పాట, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే సౌండ్ వచ్చేది, ఒకటి తప్పకుండా వినండి. రెండు స్పీకర్లూ సమంగా ఉంటే గొంతు అటూ ఇటూ పోకుండా సరిగ్గా మధ్యలో, అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టు వస్తుంది. డైమండ్‌లో అలా వచ్చింది, 2021లో కొనేశాం.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. మా హాల్లో టీవీ పక్కన గోడలో కడప బండలతో కట్టిన అరలున్నాయి, పాతవి అక్కడే ఉండేవి కదా అని కొత్తవీ అక్కడే పెట్టాం. ప్రతి పాటా బుమ్ బుమ్మని ఒకే మోత, వీణలో మంద్రస్థాయి తీగ మీటితే గదంతా ఊగింది. మూడు నెలలు స్పీకర్లనే అనుమానించాను. డైమండ్‌కి గాలి బయటికొచ్చే గొట్టం వెనకవైపు ఉంటుంది, దాన్ని మూడు వైపులా మూసి ఉన్న గూట్లో పెడితే బేస్ ఉబ్బిపోకుండా ఎలా ఉంటుంది! గొట్టంలో పాత సాక్సు దోపితే కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు. చివరికి వెల్డింగ్ షాపులో 65 సెంటీమీటర్ల ఎత్తు ఇనుప స్టాండ్లు చేయించి, ఆ స్టాండ్ల ఇనుప గొట్టాల్లో పొడి ఇసుక నింపి, గోడకు అడుగున్నర దూరంలో, కూర్చుంటే ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టాను. అదే రోజు సాయంత్రం నాన్నగారు బాలమురళీకృష్ణ కచేరీ పెట్టుకుని, మృదంగం ఎడమవైపు దెబ్బ, కుడివైపు దెబ్బ విడివిడిగా వినపడుతున్నాయిరా అన్నారు. స్పీకర్లు అవే, ఆంప్లిఫయర్ అదే. నున్నటి టైల్స్ నేల మీద మందపాటి దుప్పటి పరిచి, కిటికీకి కర్టెన్ వేశాక స, శ అక్షరాల దగ్గర వచ్చే పదును కూడా తగ్గింది. గోడకు ఆనించి తప్ప పెట్టుకునే చోటు లేకపోతే మాత్రం గొట్టం ముందువైపు ఉన్నవి చూసుకోండి, ఎలాక్ అలాంటిదే.

వైరు సంగతి: హార్డ్‌వేర్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, చెరో 3 మీటర్లు, చాలు. మా ఊరి గాలికి వైరు కొసలు పచ్చబడుతున్నాయి, ఆరు నెలలకోసారి కొస కత్తిరించి కొత్తగా బిగిస్తాను. స్పీకర్ల రబ్బరు అంచులు ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి.

గాత్రం, వయోలిన్, వీణ, పాత సినిమా పాటలు వినేవాళ్లకి ఈ ధరలో నేను ఇంతకన్నా మంచివి వినలేదు. రాత్రిపూట సౌండ్ బాగా తగ్గించినా మాట స్పష్టంగా ఉంటుంది. కానీ 5 అంగుళాల కోన్, కంపెనీ లెక్కే 65 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే ఇప్పటి సినిమా పాటల్లో అడుగున ఉండే ఆ లోతు బీటు సగమే వస్తుంది. మా తమ్ముడు వచ్చినప్పుడల్లా సబ్‌వూఫర్ (లోతు స్వరాల కోసమే ఉండే విడి స్పీకర్) కలపమంటాడు. ఒకసారి అడిగి తెచ్చి వారం రోజులు పెట్టి చూశాం. తమ్ముడి పాటలు బాగున్నాయి, నాన్నగారి కచేరీల్లో మాత్రం మృదంగం మళ్లీ బరువెక్కింది, తిరిగి ఇచ్చేశాం.